కోచ్ కుర్చీలో నాన్న ఉన్నప్పుడు

గోదావరి జిల్లాల్లోని ఒక పట్టణం నుంచి ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు రాసిన సుదీర్ఘమైన ఉత్తరం ఇది. పేరు, ఊరు వద్దన్నారు కనుక వాటితోపాటు ఆయనను గుర్తుపట్టగలిగే మరికొన్ని వివరాలు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆయన ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పీఈటీ. యూనివర్సిటీ స్థాయి దాకా షటిల్ ఆడారు. ఆపైన ఇంటి పరిస్థితులు ఆడనివ్వలేదు. ఉదయం అయిదున్నర నుంచి ఏడున్నర వరకు, సాయంత్రం బడి వదిలాక మరో రెండు గంటలు మున్సిపల్ ఇండోర్ స్టేడియంలో ఇరవై మంది దాకా పిల్లలకు కోచింగ్ ఇస్తారు. ఆ పిల్లల్లో ఆయన కూతురు, కొడుకు కూడా ఉన్నారు. కూతురికి ఈ ఏడాదే పదమూడు నిండాయి. నిరుడు అండర్-13 రాష్ట్ర పోటీల్లో ఫైనల్ దాకా వెళ్ళిన ఆ అమ్మాయి ఈ ఏడాది అండర్-15లో ఒక్క టోర్నమెంటులోనూ క్వార్టర్ ఫైనల్ దాటలేదు. విజయవాడలో జరిగిన చివరి పోటీలో రెండో గేమ్ 11 పాయింట్ల విరామంలో తాను నిమిషం పాటు ఆపకుండా మాట్లాడానని, అమ్మాయి నీళ్ళు తాగుతూ ర్యాకెట్ తీగలు సరిచేసుకుంటూ నిలబడిందే తప్ప తన ముఖం కేసి చూడలేదని రాశారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఫోన్‌లో మ్యాచ్ వీడియో పెట్టి ఒక్కొక్క పాయింటూ చూపించారు. అమ్మాయి నిద్రపోయింది, లేదా నిద్రపోయినట్టు నటించింది.

రెండు నెలలుగా ఆ పిల్లకు మోకాలి కింద నొప్పి. "ఇల్లు ఇల్లులా లేదు, రెండో స్టేడియం అయింది" అంటున్నారు భార్య. మంచి కోర్టు, మంచి షటిళ్ళు సొంత కూతురికే ఇస్తున్నారని కొందరు తల్లిదండ్రులు అంటుంటే, అందరి ముందూ ఆ పిల్లనే అంతగా తిట్టడమెందుకని ఇంకొందరు అడుగుతున్నారు. హైదరాబాద్‌లోని ఒక అకాడమీ ట్రయల్ చూసి హాస్టల్లో చేర్చుకుంటామంది. ఆ ఖర్చు జీతంతో సాధ్యం కాదు కనుక ఇళ్ళ స్థలం తాకట్టు పెట్టాలి. ఇంతలో తోటి కోచ్ ఒకాయన, పదేళ్ళ కొడుకు వయసును కాగితాల్లో రెండేళ్ళు తగ్గించమని, "అందరూ చేస్తున్నదే" అని సలహా ఇచ్చారు. హైదరాబాద్ పంపనా, నేనే కోచ్‌గా కొనసాగనా, అసలు కోచింగ్ మానుకోనా, లేక అందరు క్రీడాకారుల తల్లిదండ్రులూ పడే కష్టాన్నే నేను పెద్దది చేసి చూస్తున్నానా అని ఆయన అడుగుతున్నారు.

మాస్టారూ,

మీ ఉత్తరాన్ని రెండోసారి చదువుతున్నప్పుడు ఒక సంగతి నా కంటపడింది. అమ్మాయి బ్యాక్‌హ్యాండ్ గురించి ఒక పేరా రాశారు, వెనక కోర్టు నుంచి నెట్ దగ్గరికి ఆలస్యంగా చేరడం గురించి ఇంకో పేరా రాశారు, ఒత్తిడిలో సర్వీసు ఎత్తుగా పోతోందని రాశారు. అమ్మాయి నోటి మాట మాత్రం అన్ని పేజీల్లోనూ ఒక్కటే ఉంది: "నాన్నా, మోకాలి కింద నొప్పిగా ఉంది." దానికి మీరిచ్చిన జవాబు కూడా దాచకుండా రాశారు: "వామప్ సరిగా చేయకపోతే అంతే." ఒక కోచ్ నోటి నుంచి ఈ జవాబు రావడం వింతేమీ కాదు, ఆట నేర్పేవాళ్ళు రోజుకు పదిసార్లు అనే మాటే అది. అయితే ఇదే మాట బయటి కోచ్ ఎవరైనా అని ఉంటే, ఆ పిల్ల ఇంటికి వచ్చి, "మా సార్ నొప్పంటే పట్టించుకోవడం లేదు నాన్నా" అని మీకు చెప్పుకొని ఉండేది. మీరు మర్నాడు వెళ్ళి ఆ సారును నిలదీసి ఉండేవారు. ఇప్పుడా పిల్లకు అలా చెప్పుకొనే చోటు లేదు. మీరడిగిన ప్రశ్నలన్నిటి కిందా నాకు కనబడుతున్నది ఇదే, కాబట్టి నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మొదట మోకాలి సంగతి చూద్దాం, ఎందుకంటే మిగతావి నెల ఆగగలవు, ఇది ఆగదు. ఎదిగే వయసులో, మోకాలి చిప్ప కింద నుంచి దిగే స్నాయువు కాలి ఎముకకు అతుక్కునే చోట ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. ఎగరడం, ఒక్క ఉదుటున ఆగడం, ముందుకు పెద్ద అంగ వేసి వంగడం పదేపదే జరిగితే ఆ చోట గుంజుడు పడి నొప్పి, వాపు, ఒక్కోసారి చేతికి తగిలే బుడిపె వస్తాయి. వైద్యులు దీన్ని ఓస్‌గుడ్-ష్లాటర్ అంటారు. ఆటలాడే పిల్లల్లో ఇది తరచుగా కనిపించేదే. ఆట భారం తగ్గించి, తొడ కండరాల వ్యాయామాలు చేయిస్తే చాలామందికి సర్దుకుంటుంది, ఎదుగుదల ఆగాక దాదాపుగా పోతుంది. మీ అమ్మాయికి ఇదే అని నేను ఉత్తరం చదివి చెప్పలేను. అదే చోట ఎముకలో సన్నటి పగులు ఉన్నా నొప్పి ఇలాగే మొదలు కావచ్చు. రెండు నెలలుగా ఉన్న నొప్పిని ఎముకల డాక్టరుకు చూపించకుండా టోర్నమెంట్లు ఆడించడం మాత్రం ఏ లెక్కలోనూ సరైంది కాదు. డాక్టరు దగ్గరికి అమ్మాయిని వాళ్ళమ్మ తీసుకువెళితే మంచిది. మీరు పక్కన ఉంటే, ఎంత నొప్పి అని డాక్టరు అడిగినప్పుడు ఆ పిల్ల ముందు మీ ముఖం చూస్తుంది.

అదే రోజున హిమోగ్లోబిన్ పరీక్ష కూడా చేయించండి. మన ఆడపిల్లల్లో రక్తహీనత చాలా ఎక్కువ, ఈ వయసులో నెలసరి మొదలయ్యాక ఇంకా పెరుగుతుంది. రెండో గేమ్‌లో కాళ్ళు కదలడం లేదని మీరు రాసిన దానికి కారణం పట్టుదల లోపమే కానక్కర్లేదు. నెలసరి రోజుల్లో ప్రాక్టీసుకు రాలేనని పదమూడేళ్ళ పిల్ల నాన్నకు చెప్పగలదేమో గానీ, కోచ్ కూడా ఆ నాన్నే అయినప్పుడు చెప్పడం కష్టం. మీ స్టేడియంలో ఆడపిల్లలు ఇంకా ఉన్నారు కదా, వాళ్ళ సంగతీ అంతే. ఈ విషయాలు మాట్లాడడానికి ఒక ఆడమనిషి, ఎవరి తల్లయినా సరే, వారంలో కొన్ని రోజులు అక్కడ ఉండే ఏర్పాటు చేసుకోండి.

ఇక ప్రాక్టీసు గంటల లెక్క. మీరు చెప్పిన ప్రకారం రోజుకు నాలుగు గంటలు, వారానికి ఆరు రోజులు, ఆదివారం మ్యాచ్ ప్రాక్టీసు అదనం. అంటే 24 గంటలు దాటింది. పిల్లల క్రీడావైద్యంలో ఒక మోటు లెక్క ఉంది: బిడ్డ వయసు ఎన్నేళ్ళో, వారానికి శిక్షణ గంటలు అంతకు మించకూడదు. పదమూడేళ్ళ పిల్లకు పదమూడు గంటలన్నమాట. వారంలో ఒకటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి ఉండాలని, ఏడాదిలో మొత్తం మూడు నెలల దాకా, నెల చొప్పున విడగొట్టి అయినా సరే, ఆ ఆటకు దూరంగా ఉంచాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో చెప్పింది. మన అకాడమీల్లో ఈ మాట చెబితే నవ్వుతారని నాకు తెలుసు. అక్కడ ఇంతకంటే ఎక్కువే ఆడిస్తారు. కానీ కాస్త పేరున్న చోట ఫిజియో ఉంటాడు, భారం ఏ రోజు ఎంతని రాసిపెట్టే ట్రైనర్ ఉంటాడు, బరువైన రోజు తరువాత తేలికైన రోజు వస్తుంది. మీ దగ్గర కోచ్‌తో కలిపి ఆ ముగ్గురి పనీ మీరొక్కరే చేస్తున్నారు, బడి ఉద్యోగం చేసుకుంటూ. గంటలు మాత్రం వాళ్ళవి, సదుపాయాలు మీవి. ఇది చెల్లదు.

ఫలితాలు పడిపోయాయన్న మీ బాధకు వస్తాను. మీకు తెలియని నియమమేమీ కాదు గానీ, సొంత బిడ్డ దగ్గరికి వచ్చేసరికి మనకు తెలిసిందే కళ్ళకు అడ్డం పడుతుంది. వయసు విభాగాలు పుట్టిన సంవత్సరాన్ని బట్టి ఉంటాయి. నిరుడు అండర్-13లో మీ అమ్మాయి చివరి ఏడాది. అంటే ఆ గుంపులో అందరికంటే పెద్దవాళ్ళలో ఒకతె. ఈ ఏడాది అండర్-15లో మొదటి ఏడాది. అంటే తనకంటే ఏడాది పెద్దవాళ్ళతో ఆడుతోంది. ఈ వయసులో ఏడాది తేడా అంటే ఎత్తులోనూ భుజం బలంలోనూ కనబడే తేడా. దానికి తోడు, ఈ ఏడాదిలో పొడుగు బాగా పెరిగిందని మీరే రాశారు. చేయీ కాలూ పొడుగైన కొత్తలో షటిల్‌ను అందుకునే అంచనా తప్పుతుంది. నెట్ దగ్గర చేయి ముందే పోతుంది, స్మాష్ ఆలస్యమవుతుంది. మీరు సోమరితనం అనుకుంటున్న వాటిలో సగం దీనివల్లే కావచ్చు. మొదటి ఏడాదిలో క్వార్టర్ ఫైనల్ అంటే, ఇంకో కోచ్ శిష్యురాలి విషయంలో మీరే "బాగుంది, వచ్చే ఏడాది చూద్దాం" అని ఉండేవారు.

అండర్-15 ఫలితాలు భవిష్యత్తును చెప్పవనడానికి మన గుంటూరుకు చెందిన కిదాంబి శ్రీకాంత్ ఒక్కడు చాలు. 2011 కామన్‌వెల్త్ యూత్ గేమ్స్‌లో అతను పతకాలు తెచ్చింది డబుల్స్‌లోనూ మిక్స్‌డ్ డబుల్స్‌లోనూ. సింగిల్స్ మీద పూర్తి దృష్టి ఆ తరువాతే. 2017లో ఒకే ఏడాది నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్ళు గెలిచి, 2018 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. పద్దెనిమిదేళ్ళ వయసులో కూడా ఏ ఆట తనదో తేలని పిల్లవాడు అంత దూరం వెళ్ళాడు. మీ అమ్మాయికి పదమూడు.

"అందరు క్రీడాకారుల తల్లిదండ్రులూ పడిన కష్టమే కదా" అన్నారు. నిజమే, కానీ వాళ్ళందరూ ఒకే దారిలో నడవలేదు. హంపికి చదరంగం నేర్పింది తండ్రి కోనేరు అశోక్ గారే; ఆమె 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. సానియా మీర్జాకు తండ్రి ఇమ్రాన్ కోచ్‌గా ఉన్నారు. అలాగని తండ్రే కోచ్‌గా ఉండాలని నియమం చేద్దామా అంటే, సింధు దగ్గర అది నిలవదు. పి.వి.రమణ గారు అర్జున అవార్డు పొందిన ఆటగాడు, అయితే ఆయన ఆట వాలీబాల్. కూతురికి షటిల్ మొదట సికింద్రాబాద్‌లో మెహబూబ్ అలీ గారు నేర్పారు, తరువాత గోపీచంద్ గారు. తండ్రి చేసిన పని, మారేడ్‌పల్లి నుంచి గచ్చిబౌలికి తెల్లవారుజామున దింపి, తిరిగి తీసుకురావడం. గోపీచంద్ గారి అమ్మాయి గాయత్రి తండ్రి అకాడమీలోనే పెరిగి, ట్రీసా జాలీతో కలిసి డబుల్స్‌లో 2022 కామన్‌వెల్త్ కాంస్యం గెలిచింది. అక్కడ ఒక కోచ్ కాదు, కోచ్‌ల బృందమే ఉంది. ఇవన్నీ గెలిచినవాళ్ళ కథలని కూడా గుర్తుంచుకోండి. ఇలాగే కష్టపడి, ఇలాగే తిట్టించుకుని, పదిహేనేళ్ళకు ర్యాకెట్ అటక మీద పడేసి తండ్రితో ముక్తసరిగా మాట్లాడే పిల్లల గురించి పేపర్లో రాయరు. అటువంటివారిని మీ జిల్లాలోనే మీరు నలుగురిని చెప్పగలరు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మీరు రాసిన వాటిలో రెండు తీసుకుని, వాటికి నేను మరో రెండు కలుపుతాను.

మీరే కోచ్‌గా కొనసాగడం తప్పనిసరిగా చెడ్డదని నేను అనను. ఖర్చు తక్కువ, బడి మారదు, ఇంటి అన్నం తింటుంది, ఆమె ఆట మీకంటే తెలిసినవాళ్ళూ లేరు. అయితే ఇప్పుడున్నట్టు మాత్రం కొనసాగకూడదు. స్టేడియం గేటు దాటాక ఆట మాట మీరు ఎత్తకూడదు. ఎత్తితే అమ్మాయే ఎత్తాలి. భోజనాల దగ్గర, స్కూటర్ మీద, టోర్నమెంట్ నుంచి తిరిగొచ్చే బస్సులో ఇదే నియమం. మ్యాచ్ వీడియో ఉన్న ఫోన్ ఆమె చేతిలో ఉండాలి, మర్నాడో మూడోనాడో తనంతట తాను చూసి, "నాన్నా, ఇక్కడ ఏం చేయాల్సింది?" అని అడిగితే అప్పుడు చెప్పండి. ఎప్పుడూ అడగకపోతే? అదీ ఒక సమాధానమే, దాన్ని కూడా వినాలి. విరామంలో నిమిషం ఉంది కదా అని నిమిషమంతా మాట్లాడనక్కర్లేదు. మొదటి అరనిమిషం ఊపిరి తీసుకోనివ్వండి, తరువాత ఒకే ఒక్క మాట: "లాంగ్ సర్వీసు వేసి చూడు" లాంటిది, చేయదగినది. "ఏకాగ్రత పెట్టు" అనేది సలహా కాదు, నేరారోపణ. ఇవన్నీ చదవడానికి తేలికే గానీ, మీరు రాసిన తీరును బట్టి చూస్తే పాటించడం మీకు కష్టమనిపిస్తుంది. మీ శ్రీమతిని సాక్షిగా పెట్టుకోండి. నియమం తప్పినప్పుడు ఆవిడ ఆపితే ఆగిపోవాలి.

నేను కలపదలచుకున్నది రెండో దారి. పక్క పట్టణంలో మీకు తెలిసిన సీనియర్ కోచ్ ఒకాయన ఉన్నారని, ఆయన శిష్యులతో మీ పిల్లలు ప్రాక్టీసు మ్యాచ్‌లు ఆడుతుంటారని రాశారు. వారంలో మూడు రోజులు అమ్మాయిని ఆయన దగ్గరికి పంపి, ప్రోగ్రామ్ ఆయన్నే రాయమనండి. మిగిలిన రోజుల్లో మీ స్టేడియంలో ఆయన రాసిచ్చినదే చేయించండి, దానికి మీ సొంతం కలపకండి. టోర్నమెంట్లలో కోచ్ కుర్చీలో ఆయన, లేదా ఆయన పంపిన సీనియర్ ప్లేయర్ కూర్చుంటారు. మీరు గ్యాలరీలో, అమ్మ పక్కన. దీనివల్ల నష్టం లేకపోలేదు. ఆయన పద్ధతి మీకు నచ్చకపోవచ్చు, గ్రిప్ దగ్గరే అభిప్రాయభేదం రావచ్చు, ఇద్దరి మధ్యా పిల్ల నలగవచ్చు. మొదటి మూడు నెలలు ఫలితాలు ఇంకా తగ్గినా ఆశ్చర్యం లేదు. మీ ఊళ్ళో "సొంత కూతురినే వేరే కోచ్ దగ్గరికి పంపాడు" అనే మాట పుడుతుంది, అది మీ దగ్గరికి వచ్చే పిల్లల సంఖ్య మీద కూడా పడవచ్చు. ఇన్ని ఉన్నా, ఓడిన రోజున ఆ పిల్లకు వెళ్ళి ఆనుకోవడానికి ఒక భుజం మిగులుతుంది. నన్నడిగితే నా మొగ్గు ఇటు.

హైదరాబాద్ సంగతి. అక్కడ దొరికేది, ఇక్కడ దొరకనిది ఒకటుంది: తనకంటే బాగా ఆడేవాళ్ళతో రోజూ ఆడడం. మీ ఇరవై మందిలో మీ అమ్మాయిని ఓడించేవాళ్ళు లేరని రాశారు కనుక దాని విలువ మీకు నేను చెప్పనక్కర్లేదు. కానీ పదమూడేళ్ళకు హాస్టల్ అంటే ఏమిటో అకాడమీ కరపత్రంలో ఉండదు. చాలామంది పిల్లలు పదో తరగతి ఓపెన్ స్కూల్లో కడతారు. ఆట ఆగిపోతే తిరిగి మామూలు చదువులో పడడానికి ఒకటి రెండేళ్ళు తడబడతారు. చేరేముందు వార్డెన్ మహిళేనా, ఒక్కో కోర్టుకు ఎంతమంది పిల్లలు, పెద్ద కోచ్ వారంలో ఎన్నిసార్లు స్వయంగా నిలబడి నేర్పుతారు, గాయమై రెండు నెలలు ఆడలేకపోతే ఫీజు సంగతేమిటి, ఇంటికి ఫోన్ చేసుకోవడానికి ఏ నియమాలున్నాయి, ఎవరైనా తప్పుగా ప్రవర్తిస్తే పిల్ల ఎవరికి చెప్పుకోవాలి, ఇవన్నీ ముఖాముఖి అడగండి, జవాబు కాగితం మీద తీసుకోండి. అక్కడ ఇప్పుడున్న పిల్లల తల్లిదండ్రులు ఎలాగూ బాగుందనే చెబుతారు. మధ్యలో మానిపించి తీసుకువచ్చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే వెతికి పట్టుకుని మాట్లాడండి. భార్య, కూతురు హైదరాబాద్‌లో గది తీసుకుని ఉండటం, మీరు, బాబు ఊళ్ళో ఉండటం అనే ఆలోచన కూడా ఒక వాక్యంలో రాసి కొట్టేశారు. కొట్టేయడమే మంచిది, ఆ ఏర్పాటులో ఇంట్లో ప్రతి లోటూ చివరికి ఆ పిల్ల గెలుపోటముల ఖాతాలో పడుతుంది. వేసవి సెలవుల్లో నాలుగు వారాల క్యాంపుకు పంపి చూడటం మధ్యేమార్గం. ఇంటి మీద బెంగ ఎంత, ఆట మీద ఇష్టమెంత అన్నది నాలుగు వారాల్లో కొంతైనా తేలుతుంది.

మీరు రాయని దారి ఒకటి, పూర్తిగా ఆపడం. మోకాలి కారణంగా ఆరు వారాలో రెండు నెలలో ఎలాగూ ఆట తగ్గించాలని డాక్టరు అనవచ్చు. అలా వస్తే దాన్ని శిక్షలా కాకుండా సెలవులా ఇవ్వండి. ఆ రోజుల్లో ఉదయం అయిదింటికి లేపకండి. ఆట మీద మోజున్న పిల్లయితే మూడో వారానికి ఆ పిల్లే ర్యాకెట్ బయటికి తీస్తుంది. తీయకపోతే కంగారు పడకండి. మళ్ళీ ఆడవచ్చు, ఆడకపోవచ్చు. ఆడకపోతే మీరు పెట్టిన ఏళ్ళు వృథా అయ్యాయన్న భావన మీకు కలుగుతుంది, కలగదని నేను అబద్ధం చెప్పను. అది మీరు మోయాల్సిన భారం, పిల్ల మోయాల్సింది కాదు. స్పోర్ట్స్ కోటా కోసమైనా ఆడించాలన్న వాదన ఇంట్లో వస్తే, ఆ కోటాకు ఏ స్థాయి పతకాలు అడుగుతారో, మీ ఊరి నుంచి ఎందరికి దక్కిందో మీకే బాగా తెలుసు.

ఈ నాలుగింటిలో ఏది ఎంచుకోవాలో అమ్మాయిని అడగాలి. ఎలా అడగాలన్నదే చిక్కు. "హైదరాబాద్ వెళ్తావా?" అని మీరడిగితే, నాన్న ఏ జవాబు వినాలనుకుంటున్నాడో ఆ జవాబే చెబుతుంది, ఇన్నేళ్ళుగా మీ కనుబొమ్మ చూసి షాట్ మార్చుకున్న పిల్ల అది. అందుకే అడగడం వాళ్ళమ్మకు, లేదా మీ ఇంట్లో ఆ పిల్లకు చనువున్న పిన్నికో అత్తకో వదలండి. వెళ్తావా వద్దా అనే ప్రశ్న కూడా వద్దు. "షటిల్‌లో నీకు బాగా నచ్చేది ఏమిటి, అస్సలు నచ్చనిది ఏమిటి, వచ్చే ఏడాది ఇదే రోజుకు నువ్వెక్కడ ఉండాలనుకుంటున్నావు?" అని మాటల్లో పెట్టి అడగమనండి. ఏం చెప్పినా నాన్న కోప్పడడని ముందుగా హామీ ఇవ్వాలి, ఆ హామీ మీరు నిలబెట్టుకోవాలి. ఒకసారి అడిగి ఊరుకోకండి. ఓడిన వారం చెప్పే మాట వేరు, గెలిచిన వారం చెప్పే మాట వేరు, రెండూ నిజాలే.

ఇతర తల్లిదండ్రుల ఫిర్యాదుల గురించి ఎక్కువ చెప్పను. ఇద్దరూ చెబుతున్నది నిజమే అయి ఉండవచ్చు. మంచి కోర్టూ ఇస్తున్నారు, అందరి ముందూ తిడుతున్నారు. రెండిటికీ మూలం ఒకటే, ఆ ఇరవై మందిలో మీ కన్ను ఒక్కరి మీదే ఉంది. కోర్టులు, కొత్త ఫెదర్ షటిళ్ళు ఏ రోజు ఎవరికన్న చార్టు గోడ మీద అంటించండి. కూతుర్ని సరిదిద్దాల్సిన మాట ఉంటే అసిస్టెంట్ చేత చెప్పించండి. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. జిల్లా సెలక్షన్లలో మీరు కమిటీ సభ్యుడినని రాశారు. అమ్మాయి విభాగం ఆడే రోజున మీరు ఆ బల్ల దగ్గర ఉండకూడదు. మీరు ఎంత న్యాయంగా ఉన్నా, ఎంపికైన రోజున మీ అమ్మాయి తన ప్రతిభతో వచ్చిందని ఒక్కరూ నమ్మరు, ఆ మాటలు పడేది ఆ పిల్లే. ఆ ఒక్క విభాగం నుంచి తప్పుకుంటున్నానని ముందే లిఖితంగా ఇవ్వండి.

బాబు విషయంలో దారులు లేవు, కనుక చర్చ కూడా లేదు. వయసు తగ్గించిన జనన ధ్రువపత్రం నేరం. ఈ ఆటలో వయసు మోసం మీద ఫిర్యాదులు, విచారణలు, సస్పెన్షన్లు మీ రంగంలో ఉన్న మీకు కొత్త కాదు. బడి రికార్డు, ఆధార్, రేపు పాస్‌పోర్టు, అన్నీ ఒకదానికొకటి కలవాలి. ఎక్కడ కలవకపోయినా శిక్ష అనుభవించేది అప్పటికి పదిహేనేళ్ళవాడై, రాష్ట్ర జట్టులో ఉన్న మీ కొడుకు. అసలు అంతకంటే ముందే, స్నేహితుల దగ్గర తన పుట్టినరోజు గురించి అబద్ధమాడడం పదేళ్ళ పిల్లవాడికి ఇంట్లో నేర్పాల్సి వస్తుంది. మీ అమ్మాయి ఏడాది పెద్దవాళ్ళతో ఆడి ఓడుతోందని బాధపడుతున్నారే, రెండేళ్ళు చిన్నవాళ్ళతో మీ అబ్బాయి ఆడి గెలిచినప్పుడు అవతల ఒక తండ్రి అదే బాధ పడతాడు. ఆ సలహా ఇచ్చినాయనకు వద్దని ఒక్క ముక్కలో చెప్పేయండి. బాబు గురించి మీరు రాసిన మరో మాట, సాయంత్రం ప్రాక్టీసు ఎగ్గొట్టి వీధిలో టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడతాడని. ఆడనివ్వండి. పదేళ్ళకు రెండు మూడు ఆటలు ఆడేవాడికి శరీరం అన్ని వైపులా తయారవుతుంది. షటిల్ అతనిదే అయితే రెండేళ్ళ తరువాత కూడా స్టేడియం అక్కడే ఉంటుంది. అక్కకు జరిగినది వాడు పక్కనుంచి చూస్తున్నాడని కూడా మరిచిపోకండి. ఎగ్గొట్టడానికి అది కూడా ఒక కారణం కావచ్చు.

చివరిగా డబ్బు. అప్పు తెచ్చి పంపిన ఇంట్లో ప్రతి ఓటమికీ వడ్డీ కనబడుతుంది. మీరు పైకి అనరు, అమ్మాయికి తెలియదని కూడా అనుకుంటారు. తాకట్టు పెట్టిన స్థలం గురించి ఆ వయసు పిల్లలకు తెలియకుండా ఉండే ఇల్లు నేను చూడలేదు. ఓడితే నాన్న స్థలం పోతుందన్న లెక్కతో కోర్టులోకి దిగిన పిల్ల చేయి నెట్ దగ్గర వణకదా? ఒకవేళ హైదరాబాద్ పంపడమే అందరి నిర్ణయం అయితే, మొదటి ఏడాదికి సరిపడా డబ్బు చేతిలో ఉన్నప్పుడే పంపండి, రెండో ఏడాది సంగతి రెండో ఏడాది. డాక్టరు రిపోర్టు వచ్చి, వేసవి క్యాంపు అయి, అమ్మాయి మాట వాళ్ళమ్మ నోటి ద్వారా మీ చెవిన పడేదాకా ఆ స్థలం కాగితాలు బీరువాలోనే ఉంచండి. అకాడమీవాళ్ళు ఈ నెలాఖరుకే సీటు ఖాయం చేసుకోమన్నారని రాశారు కదా, గడువు అడగండి. పదమూడేళ్ళ పిల్ల మోకాలి స్కాన్ వచ్చేదాకా ఆగలేమనే అకాడమీ అయితే, ఆ తొందరలోనే మీకు కావలసిన సమాచారం కొంత ఉంది.